స్వర్ణకారుడి పనిగదికి గ్యాస్ లైను

బంగారం, వెండి పని తెలుగు ఊళ్లలో నేటికీ చాలావరకు ఇళ్లలోనే సాగుతుంది. వీధి వైపు గదిలో పీట వేసుకుని, పక్కగదిలో సంసారం నడుస్తుండగానే స్వర్ణకారుడు నగ చేస్తాడు. ప్రొద్దుటూరు బంగారం పనికి పేరు, మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనికి పేరు. ఒకప్పుడు ఈ పనిగదుల్లో బొగ్గుల కుంపటి, ఊదుగొట్టం, తిత్తి ఉండేవి. వాటి చోటులోకి గ్యాస్ టార్చి వచ్చింది. టంకం పెట్టడం, తీగను కాల్చి మెత్తబరచడం, మూసలో లోహాన్ని కరిగించడం ఇప్పుడు ఎక్కువగా ఎల్‌పీజీ మంట మీదే. మంట మారింది గాని గది మారలేదు. కుంపటి కోసం కట్టుకున్న ఇరుకు గదిలోనే పీట పక్కన సిలిండర్, దానికి తగిలించిన రబ్బరు గొట్టం, గొట్టం చివర టార్చి. చాలా ఇళ్లలో గ్యాస్ లైను అంటే అంతే. దాన్ని సరైన లైనుగా మార్చాలంటే పైపులు, బిగింపుల కంటే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది. ఎప్పుడైనా గ్యాస్ కారితే అది ఎటు పోతుంది అన్నదే ఆ విషయం. కారిన గ్యాస్‌కు దారి చూపాకే మంటకు దారి వేయాలి.

ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. సిలిండర్ లోపల ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. బయటికి వచ్చి ఆవిరైతే ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. సహజంగా దీనికి వాసన లేదు. కారితే మనిషికి తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటు పదార్థాన్ని కలుపుతారు. అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సింది దీని బరువు. గాలి కంటే ఇది ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. అందుకని కారిన గ్యాస్ పైకి లేవదు. నీళ్లలా పల్లానికి జారి, గుంటలోకి, మురుగు కాలువలోకి, నేలమాళిగలోకి దిగి అక్కడే నిలుస్తుంది. గాలిలో దాని పాలు నూటికి రెండు వంతుల నుంచి తొమ్మిది వంతుల దాకా ఉన్నంతసేపు ఒక్క నిప్పురవ్వ చాలు, గది మొత్తం ఒక్కసారిగా అంటుకుంటుంది.

ఈ రెండు శాతం ఎంత చిన్నదో లెక్క కట్టి చూస్తేనే అర్థమవుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనమీటర్ల గాలి పడుతుంది. అందులో నూటికి రెండు వంతులు అంటే అర ఘనమీటరు పైచిలుకు గ్యాస్. తూకంలో ఇది కిలోంబావు లోపే. కానీ గ్యాస్ గదంతా సమంగా పరుచుకోదు, అడుగునే ఉంటుంది. కింది మూడడుగుల మేర మాత్రమే నిండిందనుకుంటే నాలుగు వందల గ్రాములకు లోపే సరిపోతుంది. నేల మీద పీట వేసుకుని పనిచేసే స్వర్ణకారుడి ఒడి, చేతులు, టార్చి మంట అన్నీ ఆ మూడడుగుల్లోనే ఉంటాయి. వంటింట్లో పొయ్యి గట్టు మీద ఉంటుంది. ఇక్కడ నిప్పు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. వంటింటి అలవాట్లనే పనిగదికి తెచ్చుకుంటే చాలదనడానికి కారణం ఇదే.

పైగా ఈ వృత్తికి మూసి ఉన్న గది కావాలి. ఫ్యాను వేస్తే టార్చి మంట కదిలి టంకం చెదురుతుంది. కిటికీ తెరిస్తే గాలికి బంగారం పొడి లేచిపోతుంది. గది ఊడ్చిన చెత్తలో కూడా బంగారం ఉంటుంది కనుక దాన్ని సైతం దాచే వృత్తి ఇది. అందుకే తలుపు దగ్గరికి వేసి, ఫ్యాను ఆపి పనిచేయడం అలవాటు. గ్యాస్‌కేమో తెరిచి ఉన్న గది కావాలి. ఈ రెండింటికీ రాజీ కుదర్చాలంటే గాలి పీట మీదుగా వీచకుండా, నేలబారుగా గది దాటిపోయేలా చూడాలి. బయటి గోడ అడుగున, నేలకు ఆనించి ఒక జాలీ పెట్టాలి. ఎదురు గోడ మీద కప్పుకు దగ్గరగా మరొకటి పెట్టాలి. కింది జాలీ నుంచి బరువైన గ్యాస్ బయటికి జారుతుంది. పై జాలీ నుంచి వేడి, పొగ పోతాయి. ఈ జాలీలు ఎప్పుడూ తెరిచే ఉండాలి. బంగారం పొడి పోతుందన్న బెంగ ఉంటే కింది జాలీకి ముందు, కొంచెం ఎడంగా, గాలి ఆడేలా అడ్డుపలక పెట్టుకోవచ్చు. జాలీని గుడ్డతో మూయడం మాత్రం కూడదు. జాలీ అవతల మురుగు కాలువ గాని, నీళ్ల సంపు గాని, బోరు గుంట గాని ఉండకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందిగా అనుకోవడం పొరపాటు. పైన ఉన్న ఫ్యాను అడుగున చేరిన ఎల్‌పీజీని పూర్తిగా లాగదు, దాని స్విచ్ వేసినప్పుడు పుట్టే రవ్వ ఒక్కటే ప్రమాదానికి చాలు. గది నేల చుట్టుపక్కల కంటే పల్లంలో ఉంటే, అంటే మెట్లు దిగి వెళ్లే గది అయితే, ఆ గదికి ఎల్‌పీజీ లైను వేయనే కూడదు.

ఇక సిలిండర్. ఇంట్లో ఎర్రరంగు 14.2 కిలోల సిలిండర్ వంటకు మాత్రమే ఇచ్చింది. దాన్ని వృత్తిపనికి వాడటం 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. పనిగదికి 19 కిలోల వాణిజ్య సిలిండర్ గాని, ఐదు కిలోల చిన్న సిలిండర్ గాని తీసుకోవాలి. ఒక్క టార్చితో సన్నపని చేసే ఇంటికి ఐదు కిలోలది చాలు. కారిపోగల గ్యాస్ ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల కింద వంద కిలోల వరకు ఎల్‌పీజీ నిల్వకు లైసెన్సు అక్కరలేదు గాని, ఇంటి పనికి ఒకటి వాడుకలో, ఒకటి నిండుగా ఉంటే ఎక్కువే. సిలిండర్ తీసుకునేటప్పుడు పిడి కింది పట్టీల లోపలి వైపు రాసిన అక్షరం, అంకె చూడాలి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. పక్కనున్న అంకె సంవత్సరం. సి-27 అని ఉంటే 2027 సెప్టెంబర్ లోగా ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. గడువు దాటినదాన్ని తీసుకోకుండా వెనక్కి పంపేయాలి.

సిలిండర్ గది బయట ఉండాలి. వరండాలోనో, ప్రహరీ లోపలో, ఎండ నేరుగా పడని చోట, చదునైన సిమెంటు గచ్చు మీద నిలువుగా నిలబెట్టి, గాలి ఆడే ఇనుప జాలీ పెట్టెలో తాళం వేసి ఉంచాలి. మెట్ల కింద ఖాళీ ఉందని అక్కడ పెట్టడం తెలుగు ఇళ్లలో మామూలు. ప్రమాదం వస్తే మనుషులు బయటపడే దారి అదే కనుక అక్కడ పెట్టకూడదు. కరెంటు మీటరు, ఇన్వర్టరు, వాషింగ్ మెషీన్, మురుగు కాలువ మూత దగ్గరలో ఉండకూడదు. మంట ఎక్కువసేపు పెద్దగా వాడితే లోపలి ద్రవం ఆవిరవడానికి వేడి చాలక సిలిండర్ చల్లబడి ఒంటికి చెమట పడుతుంది, మంట నీరసిస్తుంది. అప్పుడు కొందరు సిలిండర్‌ను పడుకోబెడతారు, కొందరు సలసల కాగే నీళ్లు పోస్తారు. రెండూ ప్రమాదమే. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే లైనులోకి వస్తుంది. టార్చి కొసన ఆ ద్రవం వందల రెట్లు ఉబ్బి బారెడు మంటగా లేస్తుంది. మంట నీరసించిందంటే ఆ పనికి ఆ సిలిండర్ చిన్నదైందని అర్థం. పెద్దది పెట్టుకోవడమే దానికి మందు.

సిలిండర్ లోపల ఒత్తిడి మామూలు వేడిలో చదరపు సెంటీమీటరుకు ఐదారు కిలోలు ఉంటుంది, నడివేసవిలో ఇంకా పెరుగుతుంది. వంటింటి రెగ్యులేటర్ దాన్ని 30 గ్రాములకు, అంటే దాదాపు రెండు వందల వంతుల్లో ఒక వంతుకు, దించుతుంది. టార్చికి చాలాసార్లు అంతకంటే ఎక్కువ ఒత్తిడి కావాలి. అందుకు మరతో తిప్పి సర్దుకునే రెగ్యులేటర్ వాడతారు. దానికి ఒత్తిడి చూపే గేజీ తప్పకుండా ఉండాలి, టార్చి తయారీదారు చెప్పిన అంకె దాటి తిప్పకూడదు. రెగ్యులేటర్ సిలిండర్ దగ్గర, గది బయటే ఉండాలి. అప్పుడు సిలిండర్ ఒత్తిడి ఇంట్లో అడుగు పెట్టదు. లోపల ఎక్కడైనా కారినా తక్కువ ఒత్తిడి మీద, నెమ్మదిగా కారుతుంది.

రెగ్యులేటర్ నుంచి పీట దాకా వచ్చే లైను గట్టి పైపు కావాలి. రాగి పైపు గాని, మందం ఎక్కువున్న సి క్లాసు ఇనుప పైపు గాని పనికొస్తుంది. ఇంటి నీళ్ల లైనుకు వాడే ప్లాస్టిక్ పైపు పనికిరాదు. రాగి అతుకులు అధిక వేడిలో కరిగే వెండి లేదా ఇత్తడి టంకంతో వేయాలి. సీసం, తగరం కలిసిన మెత్తని టంకం రెండు వందల డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చిన్న అగ్గి రాజుకున్నా అతుకు ఊడి గ్యాస్ ఆ అగ్గికి తోడవుతుంది. ఈ విషయం స్వర్ణకారుడికి ఒకరు చెప్పనక్కరలేదు, టంకం కరిగే వేడి అతనికి కంటిచూపుతో తెలుసు. మరలు ఉన్నచోట గ్యాస్ కోసమే వచ్చే టేపు చుట్టాలి. అతుకులు ఎంత తక్కువైతే అంత నయం. ఏ అతుకూ గోడలో గాని, గచ్చు కింద గాని, అల్మరా వెనక గాని దాగకూడదు. చూడలేని అతుకును సబ్బు నురగతో పరీక్షించలేరు.

పైపు గోడ దాటే చోట ఒక పెద్ద తొడుగు పైపు వేసి, దాని గుండా గ్యాస్ పైపును పోనివ్వాలి. సిమెంటు నేరుగా తగిలితే పైపు పాడవుతుంది. గోడ కుంగితే పైపు విరుగుతుంది. తొడుగు లోపలి కొసను మూసి, బయటి కొసను తెరిచి ఉంచితే అందులో కారిన గ్యాస్ ఇంటి బయటికే పోతుంది. లైను కరెంటు వైర్లకు దూరంగా, కంటికి కనిపించేలా గోడ మీద క్లాంపులతో పోవాలి, పసుపు రంగు వేయాలి. కరెంటు మనుషులు ఎర్తింగు కోసం దాన్ని ఎన్నడూ వాడకూడదు. పీట పక్కన, కూర్చున్న చోటి నుంచి చేయి చాపితే అందేలా పావు మలుపు వాల్వు ఒకటి, తలుపు దగ్గర మరొకటి ఉండాలి. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఇంట్లో ఆరేళ్ల పిల్లకు కూడా ఇది చూపి చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

గట్టి పైపు నుంచి టార్చి దాకా చివరి మీటరు మాత్రం మెత్తని గొట్టమే. ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. నిప్పురవ్వలు, ఆమ్లం చుక్కలు, కాలిన పటకారు, కత్తెర అంచు అన్నీ ఆ గొట్టానికే తగులుతాయి. వంటింటి సురక్షా గొట్టం 30 గ్రాముల ఒత్తిడికి చేసినది. ఎక్కువ ఒత్తిడి టార్చికి ఆ ఒత్తిడికి తగ్గ ఐఎస్‌ఐ గుర్తున్న గొట్టం కావాలి. అది మీటరున్నర దాటకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, రెండు కొసలూ స్టీలు క్లిప్పుతో బిగించాలి. తీగ చుట్టి బిగించే పాత అలవాటు మానాలి, తీగ రబ్బరును కోస్తుంది. వంటింటి సురక్షా గొట్టానికి అయిదేళ్ల గడువు చెబుతారు. పనిగదిలో రవ్వల మధ్య ఉండే గొట్టాన్ని అంతకంటే ముందే మార్చడం మంచిది. వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ రోజే తీసేయాలి.

లైను వేశాక ఇంటివారు దగ్గర నిలబడి చూడాల్సింది పరీక్ష. ముందు ఫిట్టరు రెగ్యులేటర్, టార్చి రెండింటినీ విప్పి, లైనులో పనిఒత్తిడికి మించి గాలి ఎక్కించి గేజీ చూస్తాడు. ఇందుకు గాలే వాడాలి, ఆక్సిజన్ గాని గ్యాస్ గాని ఎక్కించకూడదు. తక్కువ ఒత్తిడి లైనును కళ్లారా పరీక్షించడానికి చాలా సులువైన సాధనం ఒకటుంది. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ గొట్టాన్ని 'యు' ఆకారంలో వంచి పలకకు కట్టి, సగానికి రంగు నీళ్లు పోసి, ఒక కొస లైనుకు తగిలిస్తారు. లైనులో గాలి ఎక్కించగానే ఒక వైపు నీళ్లు దిగి, రెండో వైపు ఎక్కుతాయి. రెండు మట్టాల మధ్య తేడా 30 సెంటీమీటర్లు ఉంటే లైనులో ఒత్తిడి సరిగ్గా చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. తేడాను 45 దాకా పెంచి, వాల్వు మూసి, పలక మీద పెన్సిలుతో గీత గీసి పావుగంట ఆగాలి. నీళ్లు గీత దగ్గరే ఉంటే లైను గట్టిది. వెంట్రుకవాసి జారినా ఎక్కడో కారుతోందన్నమాటే. పైపు మీద ఎండ పడితే లోపలి గాలి ఉబ్బి నీళ్లు ఎక్కుతాయి, నీడ వస్తే దిగుతాయి. కనుక ఈ పరీక్ష ఎండ లేని వేళ చేయాలి. తర్వాత ప్రతి అతుకుకూ సబ్బు నురగ రాయాలి. బుడగ పుట్టి పెరిగితే అక్కడ కారుతోందని లెక్క. పరీక్ష అయ్యాక సబ్బును నీళ్లతో కడగాలి, లేకపోతే ఇత్తడి బిగింపులు దెబ్బతింటాయి. అగ్గిపుల్ల వెలిగించి చూసే మొరటు పద్ధతి ప్రాణాలు తీస్తుంది.

కొత్త లైనుకు తొలిసారి గ్యాస్ వదిలే ముందు ఇంట్లో పొయ్యి, దీపం, అగరొత్తి అన్నీ ఆర్పి, తలుపులు తెరవాలి. లైనులోని గాలి పోయేదాకా ఫిట్టరు దాన్ని బయటికి వదిలిస్తాడు. ఆ తర్వాతే టార్చి. వెలిగించేటప్పుడు ముందు లైటరు మంట, తర్వాత టార్చి మర తిప్పాలి. రోజు పని ముగించేటప్పుడు వరుస తలకిందులవుతుంది. టార్చి వెలుగుతుండగానే బయటి సిలిండర్ దగ్గర మూసేయాలి. లైనులో మిగిలిన గ్యాస్ మండి, మంట చిన్నదై, దానంతట అది ఆరుతుంది. అప్పుడు పీట దగ్గరి వాల్వు, టార్చి మర మూయాలి. ఇలా చేస్తే రాత్రంతా ఇల్లు నిద్రపోయే వేళ లైనులో ఒత్తిడి మీద గ్యాస్ ఉండదు. ఖర్చు లేని ఈ ఒక్క అలవాటు ఏ ఖరీదైన సాధనానికీ తీసిపోదు.

ఎక్కువ వేడి కోసం ఎల్‌పీజీతో పాటు ఆక్సిజన్ వాడేవారికి జాగ్రత్త రెట్టింపు. ఆక్సిజన్ తనంతట మండదు గాని, దాని సమక్షంలో నూనె, గ్రీజు భగ్గుమంటాయి. నల్లరంగు ఆక్సిజన్ సిలిండర్ బిగింపులకు నూనె చుక్క కూడా తగలకూడదు, నూనె చేతులతో ముట్టుకోకూడదు. మరలు గట్టిగా ఉన్నాయని కొబ్బరినూనె రాయడం ప్రాణాంతకం. ఇంధన గ్యాస్ మరలు ఎడమచేతివాటం, ఆక్సిజన్ మరలు కుడిచేతివాటం ఉండటం ఒకదాన్ని మరొకదానికి తగిలించకుండా పెట్టిన ఏర్పాటు. ఎడాప్టర్లు కొని ఆ తేడాను చెరిపేయకూడదు. మంట వెనక్కి గొట్టంలోకి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు రెండు గొట్టాలకూ ఉండాలి. అవి లేకుండా ఆక్సిజన్ లైను ఇంట్లో పెట్టుకోవడం ఒప్పుకోదగ్గది కాదు.

గ్యాస్ కారకపోయినా మంట నుంచి ప్రమాదం ఉంది. ఒక కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండటానికి సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. మూసిన గదిలో అది చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు దాని గుర్తులు. నీలి మంట పసుపు రంగుకు మారినా, మూస అంచుకు మసి పట్టినా గాలి చాలడం లేదని గ్రహించాలి. కాడ్మియం కలిసిన టంకం ఇంకా వాడేచోట మరో విషం తోడవుతుంది. కాడ్మియం 767 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది, ఆ పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ టంకాన్ని ఇంటి పనిగదిలో పూర్తిగా మానుకోవడమే సరైనది.

హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ వంటి సంస్థలు పైపు గ్యాస్ ఇస్తున్నాయి. అది ప్రధానంగా మీథేన్, గాలి కంటే తేలిక, కారితే కప్పు వైపు లేస్తుంది. కనుక పై జాలీ ముఖ్యమవుతుంది. ఇళ్లకు అది చాలా తక్కువ ఒత్తిడితో వస్తుంది. ఎల్‌పీజీకి చేసిన టార్చి దాని మీద సరిగా మండదు, జెట్లు మార్చాలి. మీటరు దాటాక లైనును సొంతంగా చీల్చి పనిగదికి లాగకూడదు. వృత్తిపనికి వేరే కనెక్షన్ అడిగి తీసుకోవాలి. గ్యాస్ పసిగట్టే అలారం పెట్టుకునేవారు కూడా ఈ తేడా చూసుకోవాలి. ఎల్‌పీజీకి నేలకు అడుగు ఎత్తులో, పైపు గ్యాస్‌కు కప్పు దగ్గర బిగించాలి.

ఇంత పనీ సొంతంగా చేసుకునేది కాదు. పంపిణీదారు పంపిన మెకానిక్ గాని, పారిశ్రామిక గ్యాస్ లైన్లు వేసే అనుభవమున్న ఫిట్టరు గాని చేయాలి. నీళ్ల పైపులు వేసే ప్లంబరుకు దీన్ని అప్పగించకూడదు. ఇంటివారి వంతు పని చోటు నిర్ణయించడం, జాలీలు పెట్టించడం, పరీక్ష దగ్గరుండి చూడటం, పరీక్ష ఒత్తిడి, తేదీ రాసిన కాగితం తీసుకోవడం. ఆ తర్వాత నెలకోసారి అతుకులకు నురగ రాసి చూడటం. ఇంట్లో పిండివంటలు చేసి అమ్మేవారికీ, గాజు పూసలు కరిగించేవారికీ ఈ మాటలన్నీ వర్తిస్తాయి.

గ్యాస్ వాసన వస్తే టార్చి ఆర్పాలి, చేతికందిన వాల్వు మూయాలి. ఏ స్విచ్చూ వేయకూడదు, ఉన్నదాన్ని ఆపనూ కూడదు. తలుపులు, కిటికీలు తెరిచి ఇంట్లోవారందరితో బయటికి వచ్చి, సిలిండర్ దగ్గర గ్యాస్ మూసేయాలి. ఫోను బయటికి వచ్చాకే చేయాలి. గ్యాస్ లీకేజీకి 1906, అగ్నిమాపక దళానికి 101. 1906 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఆ రెండు నంబర్లను పనిగది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.